అరువు దీపం

మూడో కోడి పోయిన రోజు
గూటి ముందు మిగిలింది
నాలుగు తోక ఈకలు, ఇసకలో ఈడ్చిన గీత.
గీత పట్టుకుని వెళ్తే
బీచ్ రోడ్డు దాటి, రెయిలింగు దాటి
కైలాసగిరి తుప్పల్లోకి పోయింది.

"నక్క కాదే, బావురుపిల్లి" అంది కాసులమ్మత్త.
"నక్కయితే ఇంత సుబ్బరంగా తిని పోదు."

కొన్ని రాత్రులు జూలో సింహం అరుస్తుంది,
జోడుగుళ్ళపాలెం దాకా వినిపిస్తుంది.
దానికి మేం భయపడం.
దానికి బోనుంది, టికెట్టుంది.
చప్పుడు చెయ్యనిదే మా ఇంటికొస్తుంది.

కుక్కని కట్టాను. కుక్క నిద్రపోయింది.
పాత పడవ బోర్లించి చేసిన గూడు మాది,
దాని చుట్టూ చిరిగిన వల బిగించాను.
పిల్లి ఇసక తవ్వుకుని కిందనుంచి దూరింది.
వలని నమ్ముకుని బతికేవాళ్ళం,
ఇంక ఎవరితో చెప్పుకుంటాం?

మరిది దానయ్య సామాన్ల కొట్లో
మేకుకి వేలాడుతుంటాయి వల దీపాలు.
రాత్రి వేటలో బెండుకి కట్టేవి.
చీకటి పడితే వాటంతటవే
ఎర్రగా వెలిగి ఆరి, వెలిగి ఆరి
"వలుంది, పక్కనుంచి పో" అని
పెద్ద బోట్లకి చెప్పేవి.
ఒకటి తెచ్చాను.
అడిగి తెచ్చావా అంటే,
అడుగుదామనుకుంటూ తెచ్చాను.

ఏ ఎత్తులో కట్టాలో తెలియక
ఇసకలో బోర్లా పడుకుని చూశాను.
పిల్లి కన్ను జానెడు మీద నాలుగు వేళ్ళు.
అక్కణ్ణించి మా ఇల్లు వేరేగా ఉంది:
గుమ్మం ఒక కొండ,
చెప్పులు ఒడ్డుకి లాగిన తెప్పలు,
కోళ్ళ కాళ్ళు మాత్రం ఎంత దగ్గరో!
నిజం చెప్పాలంటే
నాకే ఆకలేసింది.

మొదటి రాత్రి పుంజు
రెండుసార్లు తెల్లారిందనుకుని కూసింది.
తర్వాత సిగ్గుపడి రెక్కలో తల దూర్చింది.
ఒంటిగంటకి రోడ్డవతల
రెండు పచ్చకళ్ళు.
ఇవతల ఎర్రకన్ను తెరిచి మూస్తోంది.
అవి చాలాసేపు ఒకదాన్నొకటి చూసుకున్నాయి,
నేను ఊపిరి బిగబట్టాను.
పచ్చవే ముందు వెనక్కి తిరిగాయి.

రెండు రోజులకోసారి దీపం చోటు మార్చాను.
ఒకేచోట కూర్చుని రోజూ ఉరిమితే
ఎవరూ లెక్కచెయ్యరు.
ఇది కాసులమ్మత్తని చూసి నేర్చుకున్నదే.

అమావాస్య మర్నాడు
దానయ్య హార్బర్ నుంచి ఆలస్యంగా వచ్చాడు.
భుజాన సగం వల.
చివరి బెండుకి దీపం లేదట,
ఏ బోటు ఫ్యానో తెగ్గోసుకుపోయిందట.
నేను నోరు మెదపలేదు.
మిట్టమధ్యాహ్నం.
బోర్లించిన పడవ కింద చీకట్లో
ఆ తెలివితక్కువ దీపం
ఇంకా రాత్రే అనుకుని వెలుగుతోంది.

అరవలేదు. గొంతుక్కూర్చుని
దాన్నే కాసేపు చూశాడు.
"వదినా, నీ కోళ్ళెన్ని?"
"పదకొండు."
"నా వల పన్నెండు వేలు" అన్నాడు,
అని, ముడి విప్పుతూ
"పిల్లొచ్చిందేటి మరి?"
"రాలేదు."
"ఊఁ" అన్నాడు.
ఆ ఊఁలో ఏమున్నదో ఇప్పటికీ తెలీదు.

రోజుకి నాలుగు గుడ్లు ఇప్పుడు వాళ్ళింటికి.
తోడికోడలు లెక్క రాసుకోదు,
నేను గోడమీద బొగ్గుతో రాస్తాను.
పూర్ణా మార్కెట్లో
సైకిలు వెనక కట్టే దీపం కొన్నాను, నూటయాభై.
దానయ్యదంత దూరం కనపడదు,
ఈ ఇసక వరకూ చాలు.

పొద్దుపోయాక ఒడ్డున నిలబడతాను.
దూరంగా నీళ్ళమీద ఎర్రచుక్కలు
వెలిగి ఆరతాయి.
మాది ఏదో తెలీదు.
అయినా వరసగా ఎంచుతాను,
మధ్యలో ఖాళీ ఉందేమోనని.

కొండమీది తుప్పలోంచి
ఆ పిల్లి కూడా చూస్తూనే ఉంటుంది.
పాపం, దాని కంటికి
సముద్రం నిండా కోళ్ళగూళ్ళే,
ఒక్కో గూటి దగ్గరా
నిద్రపోని మనిషి.